బానెట్ మీద కొట్టి చూస్తే బండి బలం తెలుస్తుందా? క్రాష్ టెస్ట్ స్టార్ల వెనక కథ



రెండు నెలల కింద మా నాన్నని తీసుకుని కారు షోరూమ్‌కి వెళ్లా. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. సేల్స్ అబ్బాయి కాఫీ తెచ్చేలోపు ఆయన తన టెస్టింగ్ పూర్తి చేసేశాడు. బానెట్ మీద పిడికిలితో రెండు దెబ్బలు. డోర్ తీసి, గట్టిగా వేసి, ఆ చప్పుడు వినడం. బంపర్‌ని బొటనవేలితో నొక్కడం. తర్వాత నా వైపు తిరిగి తీర్పు చెప్పేశాడు: "రేకు పల్చగుందిరా. డబ్బా బండి. అంబాసిడర్ రేకు ఎట్లుండేదో తెలుసా నీకు?"

సేల్స్ అబ్బాయి సన్‌రూఫ్ గురించి మొదలుపెట్టాడు. నేను మధ్యలో ఆపి, ఈ బండికి ఎన్ని స్టార్లు అని అడిగా. "ఫైవ్ స్టార్ సార్" అన్నాడు టక్కున. ఏ టెస్ట్‌లో? ఏ సంవత్సరంలో? మేం చూస్తున్న ఈ వేరియంట్‌కేనా? మూడింటికీ ఒకటే జవాబు: "కనుక్కుని వాట్సాప్ చేస్తా సార్." ఈ వీడియో రికార్డ్ చేసే టైమ్‌కి ఇంకా రాలేదు.

బయటికొచ్చాక నాన్న అడిగాడు, "ఆ స్టార్లు ఎవరిస్తార్రా? హోటళ్లకి ఇచ్చినట్టా?" నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. బీటెక్ చదివా, నాలుగేళ్లు కోడ్ రాశా, కానీ నా కుటుంబం కూర్చునే బండికి మార్కులు ఎలా వేస్తారో ఎప్పుడూ చూసుకోలేదు. అందుకే ఈ ఎపిసోడ్. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పాలంటే కొంచెం సిగ్గు, అందుకే చివరికి పెట్టుకున్నా.

ఈ కథ కారుతో మొదలవదు, విమానంతో మొదలవుతుంది. 1917, మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. హ్యూ డీహేవెన్ అనే అమెరికన్ కుర్రాడు కెనడాలో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. గాల్లో రెండు విమానాలు గుద్దుకున్నాయి, ఈయన విమానం కూలిపోయింది. ఈయన మాత్రం బతికాడు. మామూలుగా మనమైతే ఏమంటాం? "ఆయుష్షు గట్టిది", "దేవుడి దయ" అని కొబ్బరికాయ కొట్టి వదిలేస్తాం. డీహేవెన్ వదల్లేదు. నేనెందుకు బతికాను, నా కడుపులో ఇంత లోతు గాయాలు ఎందుకయ్యాయి అని ఆలోచించాడు. చూస్తే, కాపాడాల్సిన బెల్టు బకిలే పొట్టలోకి దిగి ఆ గాయాలు చేసిందని ఆయనకి అర్థమైంది. అంటే ప్రాణం పోవడం, మిగలడం అనేది తలరాత ఒక్కటే కాదు, ఆ క్షణంలో మన చుట్టూ ఏ వస్తువు ఏ ఆకారంలో ఉంది అనే దాని మీద కూడా ఆధారపడుతుంది అన్నమాట.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఆయన ఇంట్లో కోడిగుడ్లతో ప్రయోగాలు చేశాడు. ఎత్తు నుంచి గుడ్లు వదలడం, కింద రకరకాల మెత్తటి పదార్థాలు పెట్టి ఏది పగులుతుంది, ఏది పగలదు అని చూడటం. నవ్వొస్తుంది కదా, కానీ ఇప్పుడు మనం క్రాష్ టెస్ట్ అంటున్నదాని బీజం అదే. 1942లో ఒక పేపర్ రాశాడు. 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి కింద పడి కూడా బతికిన మనుషుల కేసులు తీసుకుని, వాళ్లు దేని మీద పడ్డారు, అది ఎన్ని అంగుళాలు లోపలికి దిగింది అని లెక్కలు కట్టాడు. కొత్తగా తవ్విన తోట మట్టి మీద పడ్డ మనిషి లేచి కూర్చుంటోంది. మట్టి దిగింది, మనిషి నిలిచింది.

ఇక్కడ ఒక్క నిమిషం లెక్క చేద్దాం, ఇంటర్ ఫిజిక్సే, భయపడకండి. గంటకు 50 కిలోమీటర్లతో వెళ్లే కారు గోడకి గుద్దుకోవడం అంటే, వేగం పరంగా చూస్తే, మూడంతస్తుల మేడ మీంచి నేల మీద పడ్డట్టే. 64 కిలోమీటర్లు అంటే ఐదంతస్తులు. ఈ 64 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఇప్పుడు 50తో వెళ్తున్న మన శరీరం 60 సెంటీమీటర్ల దూరంలో ఆగితే, మన బరువుకి దాదాపు 16 రెట్ల బలం మన మీద పడుతుంది. అదే 6 సెంటీమీటర్లలో ఆగితే 160 రెట్లు. బండి అదే, వేగం అదే, మనిషీ అదే. మారింది ఆగడానికి దొరికిన దూరం మాత్రమే. కారు సేఫ్టీ అంటే ఈ వంద ఏళ్లుగా ఇంజనీర్లు ఆ కొద్ది సెంటీమీటర్ల కోసం పోట్లాడటమే.

ఆ దూరం ఎక్కడి నుంచి తేవాలి? దీనికి జవాబు చెప్పినాయన బేలా బరేనీ, మెర్సిడెస్ ఇంజనీర్. అప్పటిదాకా అందరిదీ మా నాన్న సిద్ధాంతమే, బండి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది అని. బరేనీ దాన్ని తిరగేశాడు. మనుషులు కూర్చునే మధ్య భాగం పెట్టెలా గట్టిగా ఉండాలి, ముందూ వెనకా మాత్రం నలగాలి, నలగడమే వాటి ఉద్యోగం అన్నాడు. 1950ల మొదట్లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు, 1959లో ఆ పద్ధతిలో మెర్సిడెస్ కారు రోడ్డెక్కింది. దీన్నే ఇప్పుడు క్రంపుల్ జోన్ అంటున్నాం.

ఇది మాటల్లో చెప్తే నాన్న నమ్మలేదు. అందుకని ఫోన్‌లో ఒక వీడియో చూపించా. మీరూ వెతికి చూడండి. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2009లో తన యాభై ఏళ్ల పండగ చేసుకుంది. కేక్ కట్ చేశారో లేదో గానీ, 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 షెవర్లే మాలిబుని ఎదురెదురుగా తెచ్చి గుద్దించారు. బెల్ ఎయిర్ అంటే ఓడంత బండి, మందమైన రేకు, క్రోమ్ బంపర్లు. చూస్తే ఎవరైనా దాని మీదే పందెం కాస్తారు. గుద్దుకున్న తర్వాత బెల్ ఎయిర్ డ్రైవర్ క్యాబిన్ అప్పడంలా మడతపడింది. స్టీరింగ్, డ్యాష్‌బోర్డు వచ్చి డమ్మీ మీద పడ్డాయి. బెల్టు కూడా లేదు దానికి. మాలిబు ముందు భాగం మొత్తం పోయింది, క్యాబిన్ మాత్రం నిలబడింది, దాని డమ్మీకి కాలికి దెబ్బ, అంతే.

నాన్న మూడుసార్లు వెనక్కి జరిపి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "డిపోకి యాక్సిడెంట్ బస్సులు వచ్చేవిరా. ముందు బాడీని గట్టిగానే ఉంచి లోపల కడిగేవాళ్లం." ఆ మాట తర్వాత మళ్లీ బానెట్ల మీద కొట్టలేదు.

బండి నలిగి దూరం ఇచ్చింది సరే, లోపలి మనిషి ఆ దూరాన్ని వాడుకోవాలి కదా. బండి ఆగినా మనిషి ఆగడు, అదే వేగంతో ముందుకెళ్లి డ్యాష్‌బోర్డుకో అద్దానికో తగిలి ఆ 6 సెంటీమీటర్లలో ఆగుతాడు. ఇక్కడికి వచ్చినాయన నిల్స్ బోలిన్. స్వీడన్‌లో సాబ్ కంపెనీలో యుద్ధ విమానాల ఎజెక్షన్ సీట్లు డిజైన్ చేసి, తర్వాత వోల్వోకి మారాడు. పైలట్‌ని కట్టిపడేయడం తెలిసిన మనిషి ఇప్పుడు సామాన్యుడిని, అదీ ఒక్క చేత్తో, రెండు సెకన్లలో కట్టుకునేలా చేయాలి. భుజం మీంచి ఒకటి, నడుము మీద ఒకటి, రెండూ పక్కన ఒకే చోట కలిసేలా, అంటే ఈ రోజు మన కారులో ఉన్న అదే త్రీ పాయింట్ బెల్ట్, 1959లో వోల్వో కార్లలో వచ్చింది. వోల్వో ఆ పేటెంట్‌ని తాళం వేసి దాచుకోకుండా మిగతా కంపెనీలు వాడుకోవడానికి వదిలేసింది. 1967లో బోలిన్ 28,000 యాక్సిడెంట్ల లెక్కలు ముందు పెట్టి బెల్ట్ ఎంత పని చేస్తుందో చూపించాడు. కోడ్ రాసేవాడిగా నాకు ఈ కథ చాలా ఇష్టం. ఓపెన్ సోర్స్ అన్న మాట పుట్టకముందు జరిగిన ఓపెన్ సోర్స్ ఇది.

ఇంకొకాయన ఉన్నాడు, జాన్ స్టాప్, అమెరికా ఎయిర్‌ఫోర్స్ డాక్టర్. 1954 డిసెంబర్ 10న న్యూ మెక్సికోలో రాకెట్ బిగించిన స్లెడ్ మీద తనే కూర్చుని గంటకు వెయ్యి కిలోమీటర్ల పైన వెళ్లి, సెకనున్నర లోపు ఆగాడు. తన బరువుకి 46 రెట్ల బలం తట్టుకున్నాడు. కళ్లలో రక్తనాళాలు చిట్లి కాసేపు చూపు పోయింది, తర్వాత తిరిగొచ్చింది. సరిగ్గా కట్టేసి ఉంచితే మనిషి శరీరం మనం అనుకునేదానికన్నా చాలా తట్టుకుంటుందని తేలింది. ఆయన గమనించిన ఇంకో సంగతి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు విమానాల్లో కన్నా కారు యాక్సిడెంట్లలోనే ఎక్కువ చనిపోతున్నారని.

మరి ఇంత తెలిసినా కార్లు ఎందుకు మారలేదు? ఎందుకంటే ఆ రోజుల్లో ప్రతి యాక్సిడెంట్‌కీ ఒకటే కారణం చెప్పేవాళ్లు, డ్రైవర్ తప్పు. ఇప్పటికీ మన టీవీ వార్తల్లో వినేది అదే కదా, "అతివేగమే ప్రమాదానికి కారణం." తప్పని అనను. కానీ రాల్ఫ్ నేడర్ అనే యువ లాయర్ 1965లో ఒక పుస్తకం రాసి వేరే ప్రశ్న అడిగాడు. అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్ దాని పేరు. బండి దేన్నో గుద్దుకోవడం మొదటి ఢీ. లోపలి మనిషి బండిని గుద్దుకోవడం రెండో ఢీ. మొదటిది డ్రైవర్ తప్పే అనుకుందాం, రెండో ఢీలో స్టీరింగ్ రాడ్ ఛాతీలో దిగడం ఎవరి తప్పు?

జనరల్ మోటార్స్ దీనికి జవాబు చెప్పకుండా ఆయన వెనక ప్రైవేట్ డిటెక్టివ్‌లని పెట్టింది. అది బయటపడి, 1966 మార్చిలో కంపెనీ ప్రెసిడెంట్ జేమ్స్ రోష్ అమెరికా సెనేట్ ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో కారు సేఫ్టీ చట్టం వచ్చింది. నేడర్ కేసు వేస్తే 1970లో 4,25,000 డాలర్లకి రాజీ కుదిరింది. సినిమా తీయొచ్చు నిజంగా.

చట్టంతో ఒక ఇబ్బంది ఉంది. చట్టం పాస్ మార్కు మాత్రమే చెప్తుంది. 35 వచ్చినోడూ పాసే, 95 వచ్చినోడూ పాసే, కొనేవాడికి తేడా తెలీదు. అందుకని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 1979లో చట్టం అడిగిన వేగం కన్నా కొంచెం ఎక్కువ వేగంతో కార్లని గుద్దించి, ఆ మార్కులని జనం ముందు పెట్టడం మొదలుపెట్టింది. దాని పేరే న్యూ కార్ అసెస్‌మెంట్ ప్రోగ్రామ్, ఎన్‌క్యాప్. అది ఏ కారునీ బ్యాన్ చేయదు, ఎవరికీ ఫైన్ వేయదు, మార్కులు గోడ మీద అంటిస్తుంది, అంతే. మొదట్లో అవి పీజుల్లా ఉండే టెక్నికల్ నంబర్లు, మామూలు మనిషికి అర్థం కావు. 1990లలో వాటిని నక్షత్రాలుగా మార్చారు.

నాన్న ప్రశ్నకి ఇదీ జవాబు. రేకుకి కాదు, లోపల కూర్చున్న డమ్మీకి ఏమైంది అనేదానికి మార్కులు వేస్తారు. తల, మెడ, ఛాతీ, తొడ, మోకాలు, ఒక్కోచోట సెన్సర్లు. 1976లో జనరల్ మోటార్స్ తయారుచేసిన హైబ్రిడ్ త్రీ అనే డమ్మీ చాలా దేశాల్లో ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది. అది 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల సగటు మగాడు. మా అమ్మ ఐదడుగులు కూడా ఉండదు. సగటు ఆడమనిషి కొలతలతో స్వీడన్ వాళ్లు డమ్మీ తయారుచేసి చూపించింది 2022లో. ఎంత ఆలస్యమో మీరే చూడండి.

స్టార్ల అసలు బలం యూరప్‌లో తెలిసింది. 1997 ఫిబ్రవరిలో యూరో ఎన్‌క్యాప్ మొదటిసారి ఏడు చిన్న కార్ల ఫలితాలు బయటపెట్టింది. గంటకు 64 కిలోమీటర్లు, ఎదురుగా నలిగే బ్యారియర్, కారు ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా. ఎందుకు 40 అంటే, ఎదురు బండి నిండుగా ముఖాముఖి రాదు కదా, డ్రైవర్ చివరి క్షణంలో తిప్పుతాడు, ఒక మూల తగులుతుంది. బ్రిటన్‌లో అందరి ఇళ్ల ముందూ కనపడే రోవర్ 100కి ఒక్క స్టార్ వచ్చింది. ఆ సంవత్సరం చివరికల్లా ఆ కారు తయారీ ఆగిపోయింది. పరీక్ష మరీ కఠినం, నాలుగు స్టార్లు అసాధ్యం అని కంపెనీలు గోల చేశాయి. గోల ఇంకా ఆగకముందే, అదే 1997 జూలైలో, వోల్వో ఎస్40కి నాలుగు వచ్చాయి. 2001లో రెనో లగునాకి ఐదు. అసాధ్యం అనేది ఐదు నెలలు కూడా నిలవలేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2014 జనవరి 31. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఢిల్లీలో ఐదు కార్ల ఫలితాలు చెప్పింది. మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో. ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్లు, అదే 64 వేగం. పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ సున్నా. ఒక్క స్టార్ కూడా కాదు, సున్నా. అప్పుడు మన వీధిలో ఈ ఐదింట్లో ఒకటైనా లేని వీధి ఉందా?

కంపెనీలు చెప్పిన జవాబు, ఇవన్నీ భారతీయ చట్టం ప్రకారమే ఉన్నాయి అని. అది అబద్ధం కాదు, అదే అసలు సమస్య. అప్పటికి మన చట్టం ఇలాంటి టెస్ట్ అడగనే లేదు.

ఆ ఐదు సున్నాలు మాత్రం ఒకటి కావు, ఇది చాలామంది మిస్సయ్యారు. ఆల్టో, నానో, ఐ10ల బాడీనే కూలిపోయింది. వాటికి ఎయిర్‌బ్యాగు తగిలించినా పెద్దగా లాభం ఉండేది కాదు. ఫిగో, పోలోల బాడీ నిలబడింది, లోపల ఎయిర్‌బ్యాగే లేదు. ఫోక్స్‌వ్యాగన్ వెంటనే ఎయిర్‌బ్యాగులు లేని పోలో అమ్మకం ఆపేసింది, రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకి నాలుగు స్టార్లు వచ్చాయి. సున్నా నుంచి నాలుగు! దీనికి ఉల్టా కథ 2016లో రెనో క్విడ్‌ది. మొదటి విడతలో ఎయిర్‌బ్యాగు ఉన్న క్విడ్‌ని కూడా గుద్దించారు, దానికీ సున్నానే వచ్చింది. కాబట్టి షోరూమ్‌లో "ఆరు ఎయిర్‌బ్యాగులు సార్" అనగానే కరిగిపోవద్దు. గది గోడలు కూలితే దిండ్లు ఎన్ని ఉండి ఏం లాభం?

ఆ తర్వాత మార్పు వేగంగానే వచ్చింది. 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకి మన చట్టంలోనే ముందు, పక్క క్రాష్ టెస్టులు వచ్చాయి. ముందు టెస్ట్ వేగం 56. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ రిమైండర్ తప్పనిసరి. తర్వాత పక్క సీటుకీ ఎయిర్‌బ్యాగ్. 2018 డిసెంబర్‌లో టాటా నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకుంది, మన దేశంలో తయారై అమ్ముడయ్యే కార్లలో అదే మొదటిది. అప్పటిదాకా "ఇండియన్స్ మైలేజ్ అడుగుతారు గానీ సేఫ్టీకి డబ్బులు పెట్టరు" అనేవాళ్లు. ఐదు స్టార్లని యాడ్‌లో వేస్తే బండి అమ్ముడుపోతుందని తెలిశాక ఆ మాట తగ్గింది. 2023 ఆగస్టు 22న భారత్ ఎన్‌క్యాప్ మొదలుపెట్టారు, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ డిసెంబర్‌లో మొదటి ఫలితాలు టాటా హారియర్, సఫారీలవి, రెండూ ఐదు. పెద్దవాళ్లకి 32 మార్కులు, పిల్లలకి 49. ఐదు స్టార్లు రావాలంటే పెద్దవాళ్లలో కనీసం 27, పిల్లల్లో 41 రావాలి. కంపెనీ తనంతట తాను ముందుకొచ్చి చేయించుకునే పరీక్ష ఇది, బలవంతం లేదు. కాబట్టి స్టార్ల గురించి అసలు మాట్లాడని బండి కనపడితే ఎందుకు మాట్లాడట్లేదో అడగండి.

ఫోన్ చేతిలో ఉంది కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, ఆ స్టార్లు ఏ సంవత్సరానివో చూడండి. ఫియట్ పుంటోకి యూరప్‌లో 2005లో ఐదు స్టార్లు. అదే డిజైన్‌ని 2017లో మళ్లీ పరీక్షిస్తే సున్నా. బండి పాడవలేదు, ప్రశ్నపత్రం మారింది. రెండు, పెద్దవాళ్ల మార్కులూ పిల్లల మార్కులూ విడిగా చూడండి. 2018లో ఐదు స్టార్ల నెక్సాన్‌కి పిల్లల రక్షణలో వచ్చినవి మూడు. భారత్ ఎన్‌క్యాప్ స్టిక్కర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే రిపోర్ట్ వస్తుంది. ఇంకో మాట, చిన్న కారు ఐదు స్టార్లనీ పెద్ద ఎస్‌యూవీ ఐదు స్టార్లనీ పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ముందు నుంచి గుద్దించే ఆ టెస్ట్ దాదాపు తన బరువే ఉన్న బండి ఎదురైతే ఏమవుతుందో చెప్తుంది, లారీ ఎదురైతే ఏమవుతుందో కాదు.

ఇక చివరికి పెట్టుకున్న విషయం.

ఈ స్టార్లన్నీ ఒక షరతు మీద ఇస్తారు. పరీక్షలో ప్రతి డమ్మీకీ బెల్ట్ పెట్టే గుద్దిస్తారు. పిల్లల డమ్మీలు చైల్డ్ సీట్లో ఉంటాయి, అమ్మ ఒళ్లో ఉండవు. స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని మూడు అక్షరాలు చూసే ఉంటారు. మొదటి ఎస్ అంటే సప్లిమెంటల్, అంటే బెల్ట్‌కి తోడు అని. ఎయిర్‌బ్యాగ్ బెల్ట్‌కి తోడుగా వచ్చిందే గానీ బెల్ట్ బదులు వచ్చింది కాదు. మన కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో బెల్ట్ పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. అందులో సగం, 8,331 మంది, డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. అదే సంవత్సరం సెప్టెంబర్ 4న సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన జర్మన్ కారులో, వెనక సీట్లో, బెల్ట్ లేకుండా. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. మనవైపు 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ గారి యాక్సిడెంట్ గుర్తుండే ఉంటుంది, నల్గొండ జిల్లాలో. ఆయన కూడా బెల్ట్ పెట్టుకోలేదనే పోలీసులు చెప్పారు.

2022లోనే, ఒక పెళ్లికి మేమంతా బావ కారులో ఖమ్మం నుంచి హైదరాబాద్ బయల్దేరాం. నాన్నకి బెల్ట్ అంటే చిరాకు, పొట్ట పట్టేస్తుందంటాడు. పెట్టుకోకపోతే బండి పీప్ పీప్ అంటూనే ఉంటుంది. దానికి ఆన్‌లైన్‌లో ఒక చిన్న క్లిప్ దొరికేది. బకిల్‌లో దూర్చేస్తే బండి బెల్ట్ పెట్టుకున్నారనుకుని నోరు మూసుకుంటుంది. ఆ క్లిప్ ఆర్డర్ పెట్టింది నేనే. ఇంజనీర్‌ని కదా, ప్రాబ్లమ్ సాల్వ్ చేశా.

సూర్యాపేట దాటాక ఒక గేదె డివైడర్ మీంచి రోడ్డు మీదకి దిగింది. బావ బ్రేక్ తొక్కాడు. గుద్దలేదు, గేదెకి ఏమీ కాలేదు, బండికి గీత కూడా పడలేదు. దాన్ని యాక్సిడెంట్ అని కూడా అనరు, బ్రేక్ అంతే. నాన్న నుదురు డ్యాష్‌బోర్డుకి తగిలి మూడు కుట్లు పడ్డాయి. వెనక మధ్యలో కూర్చున్న అమ్మ రెండు సీట్ల మధ్యకి వచ్చి పడింది, మణికట్టు విరిగింది. అమ్మ ఒళ్లో ఉన్న మా అక్క కూతురు, రెండేళ్ల పాప, జారి కాళ్ల దగ్గర పడింది. పెదవి చిట్లింది, అదృష్టం అంతే అయ్యింది. పదేపదే అదే లెక్క నా తలలో తిరుగుతుంది. పాప బరువు అప్పుడు పది కిలోలు. అది బ్రేక్ కాకుండా నిజంగా 50తో గుద్దుకుని ఉంటే, ఎంత మంచి బండిలో అయినా, ఆ పది కిలోలు అమ్మ చేతుల్లో నూట అరవై కిలోలు అయ్యుండేవి. ఏ చేతులు పట్టుకుంటాయి?

మరుసటి ఏడాది, 2023 మేలో, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ క్లిప్పులు తీసేయమని ఐదు ఈ-కామర్స్ కంపెనీలని ఆదేశించింది. 13,118 లిస్టింగులు తీసేశారు. ఆ వార్త చదివి నా ఆర్డర్ హిస్టరీ తెరిచి చూసుకున్నా. "యు రేటెడ్ దిస్ ఫైవ్ స్టార్స్" అని ఉంది.

కారు కొన్నాం. ఏ కారు అని కామెంట్స్‌లో అడగొద్దు, ఇది రివ్యూ ఛానల్ కాదు. సన్‌రూఫ్ లేని వేరియంట్ తీసుకుని ఆ మిగిలిన డబ్బులో పాపకి చైల్డ్ సీట్ కొన్నాం, బావతో చిన్న గొడవ కూడా అయ్యింది. డెలివరీ అయిన వారానికే ఎవరో బంధువులు ఫ్రీగా వేయించారని వెనక సీట్లకి మందమైన కవర్లు వచ్చి చేరాయి. మొన్న ఆదివారం గుడికి బయల్దేరుతుంటే అమ్మ వెనక సీట్లో బెల్ట్ లాగి పట్టుకుని అటూ ఇటూ వెతుకుతోంది. "ఇది ఎక్కడ దూర్చాల్రా?" బకిల్స్ మూడూ కవర్ కింద ఉన్నాయి. నాన్న ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్లి, తన పాత టూల్‌కిట్‌లోంచి బ్లేడు తెచ్చి, కవర్‌కి మూడు చోట్ల కోత పెట్టాడు.